గన్నవరం నుంచి ఎంత దూరం, ఎంతసేపు: విమాన ప్రయాణం లెక్క మీరే వేసుకునే పద్ధతి

టికెట్ మీద విజయవాడ నుంచి ఢిల్లీకి రెండున్నర గంటలని ఉంటుంది. సత్యనారాయణపురంలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి కరోల్‌బాగ్‌లో లాడ్జి గది తాళం తీసేదాకా లెక్కేస్తే ఆరున్నర, ఏడు గంటలు పడుతుంది. ఆ మధ్య నాలుగు గంటలు ఎటు పోయాయో ముందే తెలిస్తే కనెక్షన్ ఫ్లైట్ చేజారదు, ముహూర్తం దాటాక పెళ్ళి పందిట్లో అడుగు పెట్టాల్సిన పనీ ఉండదు. లెక్క కష్టమైంది కాదు. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఒక కాగితం చాలు. మొదటిసారి పావుగంట పడుతుంది, అలవాటయ్యాక రెండు నిమిషాలు.

మెట్లు వరుసగా ఇవి: రెండు ఎయిర్‌పోర్టుల స్థానాలు, వాటి మధ్య ముక్కుసూటి దూరం, విమానం నిజంగా తిరిగే దూరం, దానికి పట్టే కాలం, గాలి, గడియారం తేడా, నేల మీద పోయే సమయం. ఎక్కువమంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. అసలు తేడాలన్నీ చివరి మూడింటిలో ఉంటాయి.

మొదటి మెట్టు: రెండు చివర్లూ సరిగ్గా పట్టుకోండి

ఊళ్ళ పేర్లు పక్కన పెట్టండి. విమానం విజయవాడలో లేవదు, గన్నవరంలో లేస్తుంది. హైదరాబాద్‌లో దిగదు, శంషాబాద్‌లో దిగుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి చార్మినార్‌కి గీత గీస్తే వచ్చే అంకె బస్సుకీ పనికిరాదు, విమానానికీ పనికిరాదు. ఫోన్ మ్యాప్‌లో ఎయిర్‌పోర్టు రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు తరచూ పడే వాటిని రాసిపెట్టుకోండి:

గన్నవరం: 16.530, 80.797
శంషాబాద్: 17.240, 78.429
చెన్నై: 12.994, 80.171
బెంగళూరు: 13.198, 77.706
విశాఖపట్నం: 17.721, 83.224
ముంబై: 19.089, 72.868
ఢిల్లీ: 28.567, 77.103
దుబాయ్: 25.253, 55.364

విశాఖ అంకె నగరంలోని పాత ఎయిర్‌పోర్టుది. మీ టికెట్ భోగాపురానికి అయితే అక్కడి స్థానం తీసుకోవాలి. ముంబై అంకె కూడా పాత ఎయిర్‌పోర్టుదే. నవీ ముంబైలో మరొకటి వచ్చింది కాబట్టి టికెట్ మీద ఏది ఉందో చూశాకే లెక్క మొదలుపెట్టండి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. మొదటిది డిగ్రీలు, నిమిషాల గందరగోళం. కొన్ని చోట్ల గన్నవరం అక్షాంశాన్ని 16 డిగ్రీల 31 నిమిషాల 49 సెకన్లని రాస్తారు. దాన్ని చూసి 16.31 అని వేసేసుకుంటే పోయినట్టే. 31ని 60తో, 49ని 3,600తో భాగించి కలిపితే 0.530 వస్తుంది, అంటే 16.530. ఆ పొరపాటు విలువ దాదాపు 24 కిలోమీటర్లు. గన్నవరం నుంచి బెజవాడ బస్టాండు అంత దూరం కూడా లేదు! రెండోది అంకెలు తారుమారు చేయడం. 80.797ని అక్షాంశంగా, 16.530ని రేఖాంశంగా కొడితే గన్నవరం నార్వేకి ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవుల అంచున మంచు సముద్రంలో తేలుతుంది. జవాబు వేల కిలోమీటర్లలో వస్తుంది కాబట్టి ఈ తప్పు ఇట్టే దొరికిపోతుంది.

మూడోది ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు. గన్నవరానికి వీజీఏ, శంషాబాద్‌కు హెచ్‌వైడీ. హెచ్‌డీడీ అని కొడితే అది కూడా హైదరాబాదే, కాకపోతే పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్. దూరం చెప్పే వెబ్‌సైట్లు ఈ విషయంలో మిమ్మల్ని హెచ్చరించవు.

రెండో మెట్టు: ముక్కుసూటి దూరం

మన దేశం లోపల ఊళ్ళకు బళ్ళో చదువుకున్న లంబకోణ త్రిభుజం సరిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే 111.2 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ అంత ఉండదు. భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి 111.2ని ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. రెండు ఊళ్ళ సగటు అక్షాంశం తీసుకోండి.

గన్నవరం నుంచి శంషాబాద్ వేసి చూద్దాం. అక్షాంశాల తేడా 0.710. 111.2తో గుణిస్తే 79 కి.మీ. రేఖాంశాల తేడా 2.368. సగటు అక్షాంశం 16.885, దాని కొసైన్ 0.957. 2.368, 111.2, 0.957 మూడూ గుణిస్తే 252 కి.మీ. ఇప్పుడు 79 వర్గం 6,241, 252 వర్గం 63,504, కలిపితే 69,745. వర్గమూలం 264. గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఆకాశంలో 264 కి.మీ. అన్నమాట.

ఇదే పద్ధతిలో చెన్నై 399, విశాఖ 290, బెంగళూరు 498 వస్తాయి. ఢిల్లీకి వేసినా 1,391 వస్తుంది, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకున్నా అంతే. దుబాయ్‌కి మాత్రం త్రిభుజం 2,814 అంటుంది, అసలు 2,808. ఆరేడు కిలోమీటర్లు పట్టించుకోనక్కర్లేదు గానీ, అక్కడి నుంచి ముందుకు పోతే త్రిభుజం చేతులెత్తేస్తుంది. అమెరికాకైతే పూర్తిగా తప్పు జవాబిస్తుంది.

దూరప్రయాణాలకు గోళం సూత్రం వాడాలి. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడూ గుణించండి. రెండు ఫలితాలనూ కూడండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే డిగ్రీలు వస్తాయి. వాటిని 111.2తో గుణిస్తే కిలోమీటర్లు.

ఢిల్లీకి చేస్తే: సైన్‌ల లబ్ధం 0.13605. కొసైన్‌ల లబ్ధం 0.84021. మొత్తం 0.97626. విలోమ కొసైన్ 12.51 డిగ్రీలు. దూరం 1,391 కి.మీ.

ఈ మధ్యలో అంకెలను కుదించకండి. 0.97626ని 0.98 చేశారనుకోండి, కోణం 11.48 డిగ్రీలకు పడిపోయి దూరం 1,277 అయిపోతుంది. అంత చిన్న కుదింపుకు 114 కిలోమీటర్లు మాయం! దగ్గరి ఊళ్ళ విషయంలో ఈ మొత్తం ఒకటికి మరీ దగ్గరగా ఉంటుంది, అక్కడ నాలుగో దశాంశ స్థానం కూడా బరువైనదే. అందుకే దగ్గరి ఊళ్ళకు త్రిభుజమే మేలు. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. రేడియన్‌లలో ఉంటే జవాబు అర్థంపర్థం లేకుండా వస్తుంది. 30 డిగ్రీల సైన్ కొట్టి 0.5 వస్తే మోడ్ సరైనదే.

వెబ్‌సైట్ అంకెకూ మీ అంకెకూ నాలుగైదు కిలోమీటర్ల తేడా వస్తే కంగారు పడకండి. మన లెక్క భూమిని చక్కటి బంతి అనుకుంటుంది, అసలు భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. తేడా మరీ ఎక్కువగా ఉంటే ప్రమాణం చూడండి. నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. ఢిల్లీ దూరం 751 నాటికల్ మైళ్ళు, మామూలు మైళ్ళలో 864. రెండింటినీ ఉత్త ‘మైళ్ళు’ అని రాసేవాళ్ళు బోలెడంతమంది.

మూడో మెట్టు: విమానం నిజంగా తిరిగే దూరం

మీరు గీసిన గీత మీద విమానం పోదు. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. చెన్నై దక్షిణాన ఉన్నా విమానం లేవడం మాత్రం ఎదురుగాలి ఏ వైపు ఉంటే ఆ వైపుకే, తూర్పుకో పడమరకో. లేచాక తిరగాలి. ఆకాశంలో దారులు గీసి ఉంటాయి, వాటి మలుపులు ఉంటాయి. దిగే చోట కూడా నేరుగా వాలిపోవడం ఉండదు, వరుసలో నిలబడి చుట్టూ తిరిగి రన్‌వేకి ఎదురుగా రావాలి.

చేతి లెక్కకు 500 కి.మీ. లోపు దూరాలకు 8 నుంచి 10 శాతం, అంతకు మించితే 5, 6 శాతం కలపండి. శంషాబాద్ 264 కాస్తా 290 అవుతుంది. ఢిల్లీ 1,391 కాస్తా 1,474. దగ్గరి ఊరికి శాతం ఎందుకు ఎక్కువంటే, లేచేటప్పుడూ దిగేటప్పుడూ తిరిగే ఆ పాతిక ముప్ఫై కిలోమీటర్లు ఊరు దగ్గరైనంత మాత్రాన తగ్గవు.

నాలుగో మెట్టు: దూరాన్ని సమయం చేయడం

ఏ విమానమో తెలియాలి. టికెట్ బుక్ చేసే చోట ఫ్లైట్ నంబరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. గన్నవరంలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి ఏటీఆర్ 72, రెక్కల మీద పంకాలు తిరిగేది, డెబ్భై ఎనభైమంది పట్టేది. గంటకు 500 కి.మీ. దాకా పోతుంది. రెండోది ఎయిర్‌బస్ 320 లాంటి జెట్. పైన గంటకు 830 కి.మీ. దాకా పోతుంది.

ఆ వేగాలతో నేరుగా భాగిస్తే తప్పొస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. అందుకని జెట్‌కు 800, ఏటీఆర్‌కు 460 తీసుకోండి. ఆపైన జెట్‌కు 30 నుంచి 35 నిమిషాలు, ఏటీఆర్‌కు 20 నుంచి 25 నిమిషాలు కలపండి. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, దిగాక మళ్ళీ స్టాండ్ దాకా రావడం అన్నీ ఇందులో ఉన్నాయి. టికెట్ మీద వేసేది కూడా గాల్లో ఉన్న సమయం కాదు. చక్రాల కింద అడ్డుకట్టలు తీసినప్పటి నుంచి అవతల మళ్ళీ పెట్టేదాకా. దాన్నే బ్లాక్ టైమ్ అంటారు.

ఢిల్లీ జెట్: 1,474ని 800తో భాగిస్తే 1.84 గంటలు. దీన్ని గంటా ఎనభై నాలుగు నిమిషాలు అని చదవకండి. నవ్వులాటకు చెప్పడం లేదు, ఈ తప్పు చదువుకున్నవాళ్ళే చేస్తారు. 0.84ని 60తో గుణిస్తే 50 నిమిషాలు. గంటా యాభైకి 35 కలిపితే రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

శంషాబాద్ ఏటీఆర్: 290ని 460తో భాగిస్తే 38 నిమిషాలు, 22 కలిపితే సరిగ్గా గంట. చెన్నై ఏటీఆర్ గంటా పద్దెనిమిది నిమిషాలు. ముంబై జెట్ గంటా నలభై అయిదు. బెంగళూరు దగ్గర విమానం రకం తేడా స్పష్టంగా తెలుస్తుంది. జెట్ అయితే గంటా పన్నెండు, ఏటీఆర్ అయితే గంటన్నర పైన. ఛార్జీ ఒకటే అయినప్పుడు ఇది చూసుకోవాలి. అయితే 264 కిలోమీటర్లకు జెట్ ఎక్కినా మిగిలేది అయిదారు నిమిషాలే. విమానం పైకి చేరేలోపే దిగడం మొదలవుతుంది.

మీ లెక్కకంటే టికెట్ మీద పది, పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంటే తప్పు మీది కాదు. రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఆలస్యాన్ని ముందే ఊహించి విమాన సంస్థలు కొంత కలిపి వేసుకుంటాయి. “పావుగంట ముందే దిగాం” అని స్పీకర్లో వినిపించే మాటకు చాలాసార్లు అదే కారణం.

అయిదో మెట్టు: గాలి, పొగమంచు

చలికాలంలో ఉత్తర భారతం మీద, అరేబియా సముద్రం మీద ఎత్తులో పడమటి గాలి బలంగా వీస్తుంది. పడమటికి పోయే విమానానికి అది ఎదురు, తూర్పుకు వచ్చేదానికి తోడు. హైదరాబాద్ నుంచి దుబాయ్ ముక్కుసూటిగా 2,546 కి.మీ., అయిదు శాతం కలిపితే 2,673. ఎదురుగాలి గంటకు 90 కి.మీ. ఉందనుకుంటే నేల మీద లెక్కకు వేగం 830 కాదు, 740. మూడు గంటల ముప్ఫై ఏడు నిమిషాలు. తిరుగుదారిలో 920, రెండు గంటల యాభై నాలుగు. పోయేదానికీ వచ్చేదానికీ 43 నిమిషాల తేడా, రన్‌వే నిమిషాలు కలపకముందే.

పోయేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది కదా అనుకుంటాం. పూర్తిగా రాదు. గాలి లేకపోతే రానుపోను ఆరు గంటల ఇరవై ఆరు నిమిషాలు, గాలి ఉంటే ఆరు గంటల ముప్ఫై ఒకటి. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకని ఎప్పుడూ కొంత నష్టమే. ఢిల్లీ, చెన్నై ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి కాబట్టి ఈ గొడవ తక్కువ. ముంబైకి చలికాలంలో పది నిమిషాలు అటూ ఇటూ. వానాకాలంలో దక్షిణాది మీద పై గాలులు తూర్పు నుంచి వీస్తాయి, అప్పుడు లెక్క తిరగబడుతుంది.

గాలికంటే పెద్ద శత్రువు పొగమంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కృష్ణా డెల్టా పొలాల మీద కమ్ముకునే మంచు గన్నవరం రన్‌వేని కప్పేస్తుంది. వచ్చే విమానం పైన చుట్లు కొడుతుంది, లేదంటే మరో ఊరికి మళ్ళుతుంది. అదే విమానం మిమ్మల్ని ఎక్కించుకుని పోవాల్సింది కాబట్టి మీ ప్రయాణమూ ఆగుతుంది. ఢిల్లీలో కూడా ఆ నెలల్లో ఇదే తంతు. సంక్రాంతి వారంలో పొద్దున్నే మొదటి ఫ్లైట్ కంటే పది, పదకొండు గంటల తర్వాతది నయం. మిగతా నెలల్లో మాత్రం మొదటి ఫ్లైటే మంచిది. ముందు రోజు ఆలస్యాలు దాని మీద తక్కువగా పడతాయి.

ఆరో మెట్టు: రెండు ఊళ్ళ గడియారాలు

దేశం లోపల ఈ బాధ లేదు, తూర్పు కొసన అరుణాచల్‌లోని కిబితు నుంచి పడమట ద్వారక దాకా ఒకటే టైమ్. విదేశమైతే టికెట్ మీద బయల్దేరే టైమ్ ఇక్కడిది, దిగే టైమ్ అక్కడిది. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. దోహా, కువైట్ రెండున్నర గంటలు వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. లండన్ చలికాలంలో అయిదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు వెనక.

దిగే టైమ్‌ని మన టైమ్‌లోకి మార్చాకే తీసివేత చేయండి. ఉదాహరణకు హైదరాబాద్‌లో పొద్దున 10:00కి బయల్దేరి దుబాయ్‌లో 12:30కి దిగుతుందని ఉంది. చూడ్డానికి రెండున్నర గంటలు. 12:30 అంటే మనకు 2:00, కాబట్టి నాలుగు గంటలు. తిరుగుదారిలో అక్కడ రాత్రి 10:00కి బయల్దేరి ఇక్కడ తెల్లవారుజామున 3:10కి దిగుతుందని ఉంటే అయిదు గంటల పది నిమిషాల్లా కనిపిస్తుంది. నిజానికి మూడు గంటల నలభై.

గడియారం తేడా గుర్తులేకపోతే ఓ కిటుకుంది. పోయేటప్పుడు కనిపించే సమయం, వచ్చేటప్పుడు కనిపించే సమయం కూడి రెండుతో భాగించండి. 2:30, 5:10 కలిపితే 7:40, సగం 3:50. ఒకవైపు కలిసింది మరోవైపు తీసివేతలో పోతుంది, సగటు ప్రయాణ సమయం మిగులుతుంది.

టికెట్ మీద దిగే టైమ్ పక్కన కూడిక గుర్తూ ఒకటీ ఉంటే మర్నాడు దిగుతుందని. దానికంటే ప్రమాదం బయల్దేరే తేదీలో ఉంది. 15వ తేదీ 00:40 ఫ్లైట్ అంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. 15 రాత్రి సామాన్లు సర్దుకుని వెళ్తే విమానం పోయి ఇరవై నాలుగు గంటలవుతుంది. ఇంట్లో గోడ క్యాలెండర్ మీద 14 చుట్టూ సున్నా చుట్టండి, 15 చుట్టూ కాదు.

ఏడో మెట్టు: నేల మీద గంటలు

వెనక నుంచి ముందుకు లెక్క కట్టాలి. దేశంలో ప్రయాణాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు మూస్తారు. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. విదేశాలకు కౌంటర్ ఇంకా ముందే, చాలా సంస్థలకు 75 నిమిషాలు. మీ టికెట్ మీద ఉన్నదే ఖాయం.

గుంటూరు అరండల్‌పేటలో ఉన్న మనిషికి గన్నవరంలో పొద్దున 7:10కి ఫ్లైట్ అనుకుందాం. గేటు 6:45కి, కౌంటర్ 6:10కి మూస్తారు. బ్యాగ్ వేయాలంటే 5:40కల్లా టెర్మినల్ ముందు ఉండాలి. గుంటూరు నుంచి గన్నవరం 55 కి.మీ. దాకా ఉంటుంది. తెల్లవారుజామున గంటా పదిహేనులో వస్తారు, పావుగంట చేతిలో ఉంచుకుంటే 4:10కి కారు కదలాలి. అదే సాయంత్రం ఏడింటి ఫ్లైట్ అయితే లెక్క మారుతుంది. వారధి మీద, బెంజ్ సర్కిల్ దగ్గర, ఆపైన రామవరప్పాడు రింగ్ దగ్గర బండి పాకుతుంది. గంటన్నర కాదు, రెండు గంటలు వేసుకోండి. బెజవాడ నడిబొడ్డు నుంచైనా మామూలుగా 40, 45 నిమిషాలు, సాయంత్రం రద్దీలో మరో ఇరవై.

బ్యాగ్ వేయాల్సిన పని లేకుండా, వెబ్ చెక్-ఇన్ అయిపోయి, డిజి యాత్ర (ముఖం చూసి లోపలికి పంపే యాప్) కూడా పెట్టుకుని ఉంటే అరగంట ఆదా అవుతుంది. గన్నవరంలో ఆ సదుపాయం 2023 నుంచి ఉంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఆవకాయ సీసా హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టారో, సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. వెనక్కి వెళ్ళి లగేజీలో వేద్దామంటే అప్పటికి కౌంటర్ మూసేసి ఉంటారు. పచ్చడో ఫ్లైటో తేల్చుకోవాల్సి వస్తుంది. కారం, పచ్చళ్ళు ఏవైనా లగేజీలోనే, మూత మీద టేపు చుట్టి.

దిగాక బెల్టు దగ్గర 20 నుంచి 35 నిమిషాలు, ఆపైన ఊళ్ళోకి. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటా పావు. ఢిల్లీ మూడో టెర్మినల్ నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కి ఎయిర్‌పోర్ట్ మెట్రోలో సుమారు 20 నిమిషాలే, క్యాబ్ కంటే అదే నమ్మకం.

కనెక్షన్ ఉంటే

నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఆగదు. డైరెక్ట్ అంటే నంబరు మారదు, అంతే. మధ్యలో ఎక్కడో దిగి, జనం దిగి ఎక్కాక మళ్ళీ లేవచ్చు. ఈ రెండు మాటలూ ఒకటే అనుకుని టికెట్ కొనేవాళ్ళు అరగంట, ముప్పావు గంట గాలిలో కలిపేసుకుంటారు.

హైదరాబాద్‌లో మారడం తేలిక, ఎందుకంటే అక్కడ టెర్మినల్ ఒకటే. ఢిల్లీలో ఒకటో టెర్మినల్ నుంచి మూడోదానికి బస్సో క్యాబో ఎక్కాలి. ముంబైలోనూ ఒకటి, రెండు టెర్మినళ్ళు వేర్వేరు చోట్ల ఉన్నాయి. టెర్మినల్ మారితే గంట అదనంగా వేసుకోండి.

రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతిదాంట్లో ఎక్కించే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొంటే ఎవరూ పూచీ పడరు. పైగా బ్యాగ్ బెల్టు మీద తీసుకుని మళ్ళీ కౌంటర్లో వేయాలి. విడి టికెట్లతో విదేశీ ఫ్లైట్ అందుకోవాలంటే మధ్యలో అయిదు గంటలకు తగ్గకూడదు. జనవరిలో అయితే ముందు రోజు సాయంత్రమే హైదరాబాద్ చేరడం ఉత్తమం.

ఎక్కాలా, వద్దా

హైదరాబాద్‌కి విజయవాడ నుంచి విమానంలో ఇంటి నుంచి ఇంటికి: ముప్పావు గంట, ఎయిర్‌పోర్టులో గంటా పావు, విమానంలో గంట, బెల్టు దగ్గర పాతిక నిమిషాలు, ఊళ్ళోకి గంటా పావు. మొత్తం నాలుగు గంటల నలభై నిమిషాలు. సికింద్రాబాద్ వందే భారత్ నాలుగు గంటల పైచిలుకు, ఇటూ అటూ కలిపినా అయిదు, అయిదుంపావు. ఆ ఇరవై ముప్ఫై నిమిషాల కోసం విమానం ఎక్కడం దండగ. ఓ చిన్న ఆలస్యం చాలు, అదీ పోతుంది. శంషాబాద్‌లోనే మరో విమానం ఎక్కేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు చివరి గంటా పావు ఉండదు కదా.

కారులో శంషాబాద్ పోవాలనుకుంటే విజయవాడ వాళ్ళు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి, నగరంలోకి దూరకూడదు. గుంటూరు వాళ్ళు విజయవాడ రానక్కర్లేదు. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా పోవచ్చు. సంక్రాంతికి ముందూ వెనకా విజయవాడ హైవే టోల్ గేట్ల దగ్గర బారులు తీరే బళ్ళను చూసినవాళ్ళెవరూ ఆ వారంలో విజయవాడ దారిని నమ్మరు.

చెన్నైకి విమానం నాలుగున్నర గంటల దాకా, రైలుకంటే గంటా రెండు గంటలు మిగులుతుంది. అక్కడ ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఉంది. ఢిల్లీకైతే పోలికే లేదు. రైలు దారి సుమారు 1,750 కి.మీ., ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. మా లెక్కలో గన్నవరం నుంచి 350 కి.మీ. లోపు ఊరికి విమానం అవసరం కాదు, సరదా.

అమెరికా లెక్క

గోళం సూత్రం అసలు పని ఇక్కడ కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్ ముక్కుసూటిగా సుమారు 14,420 కి.మీ. గీత ఎటు పోతుందో తెలుసా? ఐరోపా మీదుగా కాదు, దాదాపు ఉత్తర ధ్రువం పక్కగా, 85 డిగ్రీల అక్షాంశం దాకా పోయి అటు దిగుతుంది. దుబాయ్‌లో మారితే 2,546కు మరో 12,930 దాకా కలుస్తాయి, మొత్తం 15,480 దగ్గర. అంటే మారడం వల్ల పెరిగేది సుమారు వెయ్యి కిలోమీటర్లు, ఏడు శాతం. విమానంలో గంటా పావు. ఎక్కువ పోయేది దూరం వల్ల కాదు, మధ్యలో కూర్చోవడం వల్ల.

ఉదాహరణకు ఎండాకాలంలో ఆదివారం తెల్లవారుజామున 4:00కి హైదరాబాద్‌లో బయల్దేరి, దుబాయ్‌లో 6:20కి దిగి, 9:00కి మళ్ళీ ఎక్కి, ఆదివారమే సాయంత్రం 4:00కి డాలస్‌లో దిగుతుందని టికెట్ ఉందనుకోండి. చూస్తే పన్నెండు గంటలే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదకొండున్నర. ఆ సాయంత్రం నాలుగంటే మనకు సోమవారం తెల్లవారుజామున రెండున్నర. మొత్తం ఇరవై రెండున్నర గంటలు. దుబాయ్‌కి మూడు గంటల యాభై నిమిషాలు, అక్కడ ఆగింది రెండు గంటల నలభై, డాలస్‌కి పదహారు.

దానికి గుంటూరు నుంచి శంషాబాద్ కారులో అయిదున్నర, ఆరు గంటలు, ఎయిర్‌పోర్టులో మూడు గంటలు ముందు కలపండి. అంటే శనివారం రాత్రి ఏడూ ఏడున్నర మధ్యలో ఇల్లు కదలాలి. దిగాక ఇమిగ్రేషన్ వరుస, బెల్టు కలిపి గంటో గంటన్నరో. అమ్మానాన్నలు రెండున్నరకే లేచి ఫోన్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు, నాలుగింటికి అలారం పెట్టుకుంటే చాలు.